బోల్టులు లెక్కపెడితే తెలిసే పేరు

అమెరికాలో పాత కార్ల తుక్కు యార్డుల్లో ఆటోమేటిక్ గేర్‌బాక్సులు చాలావరకు పేరు లేకుండానే దొరుకుతాయి. ఫ్యాక్టరీలో పక్కన బిగించిన చిన్న రేకు ముక్కే వాటి గుర్తింపు కార్డు. ఒకసారి రిపేరుకు దించి, కడిగి, రంగు కొట్టాక ఆ రేకు ఉంటుందన్న నమ్మకం లేదు. "షెవ్రొలేలోంచి తీసిందే" అంటాడు అమ్మేవాడు. అబద్ధం కాకపోవచ్చు, కానీ దానితో తేలేదేమీ లేదు. యాభై ఏళ్లు తిరిగిన కారులో పుట్టినప్పటి బాక్సే ఉండాలని ఎక్కడుంది?

అసలు ఫ్యాక్టరీ గేటు దాటేటప్పుడే వేరేవాళ్ల బాక్సుతో బయల్దేరిన కార్లున్నాయి. జనరల్ మోటర్స్ తన హైడ్రామాటిక్‌ను 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌తో జనంలోకి తెచ్చింది. ఎర్ల్ థాంప్సన్ నాయకత్వంలో రూపుదిద్దుకున్న ఈ నాలుగు గేర్ల యంత్రమే పెద్ద ఎత్తున తయారైన తొలి పూర్తి ఆటోమేటిక్. రెండో ప్రపంచయుద్ధంలో ఎం5 స్టూవర్ట్ ట్యాంకులను నడిపిందీ ఇదే. 1953 ఆగస్టు 12న మిషిగన్ రాష్ట్రం లివోనియాలో దీన్ని తయారుచేసే ఫ్యాక్టరీ కాలిపోయింది. కార్లేమో లైన్ల మీద ఎదురుచూస్తున్నాయి. చేసేది లేక క్యాడిలాక్, ఓల్డ్స్‌మొబైల్ కార్లకు బ్యూక్ వాళ్ల డైనాఫ్లోను, పాంటియాక్‌లకు షెవ్రొలే వాళ్ల పవర్‌గ్లైడ్‌ను బిగించి పంపించారు. ఆ తర్వాత హైడ్రామాటిక్ తయారీని విల్లో రన్‌కు మార్చారు. యుద్ధకాలంలో బి-24 బాంబర్లు తయారైన చోటు అది.

కాబట్టి కారును వదిలేసి బాక్సునే అడగాలి. అడగడం కింది నుంచి మొదలవుతుంది. అడుగున ఆయిల్ పాన్ అనే రేకు పళ్లెం ఉంటుంది. దాని లోపల వాల్వ్ బాడీ. ఎప్పుడు ఏ గేరు పడాలో నూనె ఒత్తిడితో నిర్ణయించే భాగం అది. పాన్ పాతదైతే మార్చవచ్చు, క్రోమ్ పూత ఉన్నది కొని తగిలించవచ్చు. అది బిగిసే బోల్టు రంధ్రాలు మాత్రం అల్యూమినియం పోత కేసులోనే ఉంటాయి. కేసు మారితే తప్ప అవి మారవు. రంగునూ రేకునూ నమ్మనివాళ్లు ఈ రంధ్రాలను నమ్మడం అందుకే.

జనరల్ మోటర్స్ కుటుంబంలో, 1950 నుంచి 1973 దాకా వచ్చిన రెండు గేర్ల పవర్‌గ్లైడ్‌ అల్యూమినియం కేసుకు 14 బోల్టులు. 1982లో వచ్చిన నాలుగు గేర్ల 700 ఆర్4కు 16. ఇంతవరకు సులువే. చిక్కల్లా మధ్యలోని ఇద్దరు అన్నదమ్ములతో. 1964లో వచ్చిన టర్బో 400కూ 13 బోల్టులే, 1969లో వచ్చిన టర్బో 350కూ 13 బోల్టులే. లెక్క ఒక్కటే పట్టుకున్నవాడు ఇక్కడ బోల్తాపడతాడు. ఆకారం చూడాలి. టర్బో 350 పాన్ చదరంగా ఉండి ఒక మూల మాత్రం కోసేసినట్టుంటుంది. టర్బో 400 పాన్‌కు ఒక తీరంటూ లేదు, వంకరటింకరగా సాగుతుంది. అమెరికా మెకానిక్‌లు దాన్ని టెక్సస్ పటంతో పోలుస్తారు.

ఆకారం మీద అనుమానం మిగిలితే పక్కలకు చూడాలి. అసలు కథ అక్కడే ఉంది. ఆటోమేటిక్ బాక్సుకు తెలియాల్సినవి ప్రధానంగా రెండు: బండి ఎంత వేగంతో పోతోంది, ఇంజిన్ ఎంత కష్టపడుతోంది. ఈ రెండోది తెలుసుకునే పద్ధతి కాలాన్నిబట్టి, నమూనానుబట్టి మారింది. ఆ మార్పులన్నీ కేసు పైనే కనిపిస్తాయి. ఇంజిన్ మీద బరువు పడ్డప్పుడు ఇన్‌టేక్ గొట్టంలోని వ్యాక్యూమ్ పడిపోతుంది. దాన్ని కొలిచే గుండ్రటి డబ్బా లాంటి భాగం వ్యాక్యూమ్ మాడ్యులేటర్. రెండు టర్బోల్లోనూ అది కుడివైపే ఉంటుంది. అమెరికాలో డ్రైవర్ ఎడమవైపు కూర్చుంటాడు కనుక అక్కడివాళ్లు దీన్ని ప్యాసింజర్ వైపు అంటారు. టర్బో 350లో అది బాగా వెనక, తోక దగ్గర ఉంటుంది. టర్బో 400లో ముందుకు జరిగి ఉంటుంది. ఇక యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు గేరు తగ్గించే కిక్‌డౌన్ ఉంది. టర్బో 350లో ఆ పని చేసేది తీగ, అంటే కేబుల్. టర్బో 400లో కరెంటు, దాని కనెక్టర్ ఎడమవైపున. 700 ఆర్4కు వచ్చేసరికి మాడ్యులేటరే లేదు. థ్రాటిల్ నుంచి వచ్చే కేబులే ఒత్తిడిని నడిపిస్తుంది. పక్కనే, ఇంజిన్ బలాన్ని నూనె ద్వారా బాక్సుకు అందించే టార్క్ కన్వర్టర్‌ను లాక్ చేసే వైర్ల కనెక్టరు. 1973 చమురు సంక్షోభం తర్వాత వ్యవహారం పెట్రోలు ఆదా చట్టాల దాకా వెళ్లింది. ఇంజిన్ ఒక చుట్టు తిరిగేలోపే వెనక షాఫ్టు ఒక చుట్టు దాటిపోయే 0.70 నిష్పత్తి నాలుగో గేరు, ఆ లాకప్ కనెక్టరు, రెండూ ఆ ఒత్తిడి పెట్టిన గుర్తులు.

మాన్యువల్ బాక్సు అయితే మన షెడ్డుల్లోనూ ఒక పద్ధతి ఉంది. గేరు వేసి ముందు షాఫ్టును చేత్తో తిప్పుతూ వెనకది ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడితే నిష్పత్తి వచ్చేస్తుంది. ఆటోమేటిక్‌తో ఆ పప్పులుడకవు. క్లచ్ ప్లేట్లు నూనె ఒత్తిడితోనే బిగుస్తాయి, ఆ ఒత్తిడి తెచ్చే పంపును ఇంజిన్ తిప్పాలి. నేల మీద పడున్న బాక్సులో ఏ గేరూ పడదు. బ్యాటరీ దిగిన ఆటోమేటిక్ కారును తోసి స్టార్ట్ చేయలేకపోవడానికి కారణమూ అదే. కొన్ని పాత బాక్సుల్లో, ఉదాహరణకు 1965 దాకా వచ్చిన క్రైస్లర్ టార్క్‌ఫ్లైట్‌లో, వెనక షాఫ్టు తిప్పే రెండో పంపు కూడా ఉండేది కనుక తోస్తే స్టార్ట్ అయ్యేవి. టార్క్‌ఫ్లైట్‌కు వెనక పంపు కనిపించిందంటే అది 1966కు ముందుదన్నమాట.

లోపలికి దిగితే నిష్పత్తిని పళ్లు లెక్కపెట్టి రాబట్టవచ్చు. టర్బోల్లోనూ, ఫోర్డ్ సి4, సి6ల్లోనూ, టార్క్‌ఫ్లైట్‌లోనూ ఉన్నది ఒకే అమరిక, హోవర్డ్ సింప్సన్ అనే ఇంజినీరుది. మధ్యలో సన్ గేరు, చుట్టూ రింగ్ గేరు ఉండే ప్లానెటరీ సెట్లు రెండు, వాటికి ఉమ్మడిగా ఒకే సన్ గేరు. ఇందులో ఒక ముచ్చటైన లెక్క ఉంది. సన్ గేరు పళ్లను రింగ్ గేరు పళ్లతో భాగించండి. దానికి ఒకటి కలిపితే రెండో గేరు, రెండు కలిపితే మొదటి గేరు. టర్బో 400లో ఆ భాగఫలం 0.48, గేర్లు 1.48, 2.48. టర్బో 350లో 0.52, గేర్లు 1.52, 2.52. ఫోర్డ్ సి6లో 1.46, 2.46. మూడు కంపెనీలు పోటీపడి అమ్ముకున్న బాక్సుల్లో మొదటి గేరుకూ రెండో గేరుకూ తేడా సరిగ్గా ఒకటే. రెండు సెట్లలోనూ పళ్లు ఒకేలా ఉన్నంతకాలం ఈ తేడా మారదు. తర్వాతి రోజుల్లో క్రైస్లర్ మొదటి గేరును 2.74కు పెంచింది. రెండోది 1.54. తేడా ఒకటి దాటిందంటే రెండు సెట్లూ ఒకే కొలతలో లేవని అర్థం.

ఇన్ని సాక్ష్యాలున్నా తికమకపెట్టే బాక్సులు లేకపోలేదు. వెనక షాఫ్టు మీద పొడవునా గాట్లుంటాయి, వాటిని స్ప్లైన్లు అంటారు. టర్బో 350కి అవి 27, టర్బో 400కి 32. పాన్ టెక్సస్‌లా ఉంటే 32 ఉండాలి కదా? కానీ 1970లలో టర్బో 375 అనే ఒక రకం వచ్చింది. లోపల టర్బో 400 ఒళ్లే, వెనక షాఫ్టుకు మాత్రం 27 స్ప్లైన్లు. పాన్ ఒకటి చెబితే షాఫ్టు ఇంకొకటి చెబుతుంది. తోక భాగం అడుగున 375 అంకె పోతలోనే ఉంటుంది, మడ్డి గీకి చూస్తే తగాదా తీరిపోతుంది. ఇలాంటి చోట ఒక్క గుర్తు చూసి తీర్పు చెప్పేవాడికంటే, రెండు గుర్తులు పొసగకపోతే మూడోదాన్ని వెతికేవాడే నిజమైన పనివాడని నా అభిప్రాయం.

రకం తేలాక కూడా ఏ ఇంజిన్‌కు సరిపోతుందన్నది మిగులుతుంది. ముందు గంట ఆకారంలో ఉండే బెల్ హౌసింగ్ టర్బో 400లో కేసుతో కలిసే పోతపోసి ఉంటుంది, విప్పి మార్చడానికి లేదు. దాని పై అంచు మధ్యలో శిఖరంలా లేస్తే షెవ్రొలే ఇంజిన్‌కు, పల్లంగా దిగితే బ్యూక్, ఓల్డ్స్‌మొబైల్, పాంటియాక్‌లకు. ఈ బాక్సు బయటి కంపెనీలకూ వెళ్లింది. రోల్స్ రాయిస్ సిల్వర్ షాడో, జాగ్వార్ ఎక్స్‌జే12, 1976 నాటి ఫెరారీ 400, తొలి హమ్వీ సైనిక వాహనాలు, అన్నింటిలోనూ ఉన్నది టర్బో 400 వంశమే. ఫెరారీ ఆటోమేటిక్ గేర్‌బాక్సుతో అమ్మిన మొదటి కారులో డెట్రాయిట్ సరుకు ఉందని చెబితే నమ్మనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

తోక దగ్గర స్పీడోమీటర్‌ను తిప్పే చిన్న ప్లాస్టిక్ గేరు ఉంటుంది. దాని పళ్లను యాక్సిల్ నిష్పత్తినీ టైరు సైజునూ బట్టి ఎంచేవారు. బాక్సు ఎలాంటి బండి కింద తిరిగిందో అదీ కొంత చెబుతుంది.

అన్నింటికంటే అరుదైన గుర్తు ఎడమవైపు కనెక్టర్‌లో ఉంటుంది. మామూలు టర్బో 400కు అక్కడ ఒకే పిన్ను, కిక్‌డౌన్ కోసం. 1965 నుంచి 1967 దాకా బ్యూక్, ఓల్డ్స్‌మొబైల్, క్యాడిలాక్‌లకు ఇచ్చిన రకానికి రెండు పిన్నులు. రెండోది టార్క్ కన్వర్టర్ లోపలి స్టేటర్ రెక్కల కోణాన్ని మార్చడానికి. బండి ఆగి ఉన్నప్పుడు, గట్టిగా తొక్కినప్పుడు రెక్కలు ఒక కోణంలో ఉంటాయి, నింపాదిగా పోతున్నప్పుడు ఇంకో కోణంలోకి తిరుగుతాయి. స్విచ్ పిచ్ అని పిలిచే ఈ ఏర్పాటు కోసం వెతికేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మామూలు టర్బో 400 ధరకు అమ్ముతున్న బాక్సుకు రెండు పిన్నులు కనిపిస్తే, వాళ్లు బేరం ముగిసేదాకా మళ్లీ ఆ వైపు చూడరు.