తనంత తాను మాఱు గేరు

మోటారు బండి యెక్కినవారందరును డ్రైవరు కాలితో క్లచ్చి నదిమి, చేతితో గేరుకఱ్ఱ నీడ్చుట చూచియే యుందురు. అమెరికా దేశపు రైతులు వాడెడు పికప్పు ట్రక్కులలో, అనగా వెనుక తెఱపి పెట్టె గల చిన్న లారీలలో, పెక్కింటికి ఈ శ్రమ లేదు. గేర్లు తమంత తామే మాఱును. ఎట్లు మాఱునో విన్నవించెదను.

1993 నుండి షెవ్రొలే ట్రక్కులలో వచ్చిన 4ఎల్60-ఈ యను గేరుపెట్టెను దీసికొందము. పేరులోని 4 గేర్ల లెక్క. చివరి ఈ యనగా ఎలక్ట్రానిక్. మొదటి గేరులో లోనికి వచ్చు ఇరుసు 3.06 చుట్లు తిరిగినగాని వెలికి పోవు ఇరుసు ఒక చుట్టు తిరుగదు. బరువుతో మిట్ట యెక్కుటకిది తగును. నాలుగవ గేరులో 0.70 చుట్టే చాలును, అది చదునుబాటకు.

ఇంజనునకును గేర్లకును నడుమ, కాలితో నదుము క్లచ్చికి మాఱుగా, నూనె నిండిన డొల్ల యుండును. రెండు విసనకఱ్ఱ చక్రముల నెదురెదురుగా నుంచి ఒకదానిని త్రిప్పిన, ఆ గాలికి రెండవది తిరుగును గదా! ఇచట గాలికి బదులు నూనె. అందుచే బండి నిలిచినను ఇంజను ఆగదు. ఇక గేర్లన్ననో, నడుమ నొక పండ్లచక్రము, దానిచుట్టు చిన్న చక్రములు, వాని నావరించి యొక వలయము. వీనిలో దేనిని కదలకుండ బట్టుదుమో దానినిబట్టి వేగము మాఱును. పట్టుకొనునవి లోపలి క్లచ్చులు. వానిని బిగించునది నూనె యొత్తిడి.

ఆ నూనె నెప్పు డే త్రోవను పంపవలెను? పూర్వపు పెట్టెలలో వడికి విచ్చుకొను గుండ్లును, యాక్సిలరేటరునకు గట్టిన తీగయు ఈ తీర్పు చెప్పెడివి. ఇందు కంప్యూటరు చెప్పును. బండి వేగము, కాలి త్రొక్కుడు, నూనె వేడిమి దానికి క్షణక్షణము తెలియుచుండును. విద్యుత్తుచే కదలి నూనెత్రోవల మార్చు సోలినాయిడులు రెండు దాని యాజ్ఞకు లోబడి యున్నవి. రెంటికిని విద్యుత్తున్న మొదటి గేరు. రెండవదానికి మాత్రమున్న రెండవ గేరు. రెంటికిని లేకున్న మూడవది. మొదటిదానికి మాత్రమున్న నాలుగవది.

ఈ వరుసలోని ముందుచూపు నాకు మిక్కిలి నచ్చినది. ఎలుక తీగ కొఱికినను, ఫ్యూజు కాలినను రెంటికిని విద్యుత్తు పోవును. అనగా మూడవ గేరు. ఒత్తిడి నదుపులో నుంచు మఱొక సోలినాయిడు సైతము విద్యుత్తు లేనిచో ఒత్తిడిని పూర్తిగా పెంచివేయును. కావున క్లచ్చులు జాఱి కాలవు. బండి బరువుగా కదలినను ఇల్లు చేరును. వెనుకకు నడచు గేరు మీటతోనే పడును గనుక దానికిని లోటు లేదు. ఇది యెఱుగనివాడు పెట్టెయే చెడినదని తలచి, యంతయు విప్పించి ధనము పోగొట్టుకొనును. బండి మూడవ గేరులోనే బయలుదేఱుచున్నచో ముందు చూడవలసినవి ఫ్యూజులు, తీగలు.

పెట్టెను నిజముగా చంపునది వేడిమి. డొల్లలో నూనె జాఱినకొలదియు కాగును. అందులకే బండి వడి యందుకొన్న పిదప లోపలి క్లచ్చి యొకటి ఆ రెండు చక్రములను కలిపి బిగించును. బరువు లాగుచు మిట్ట యెక్కునపుడు గేరు మూడునకును నాలుగునకును నడుమ ఊగులాడుచున్నచో, డ్రైవరే మీటను మూడునకు దింపవలెను. క్రొత్త నూనె ఎఱ్ఱగా నుండును. అది నల్లబడి మాడువాసన కొట్టుచున్నచో లోపలి క్లచ్చులు కాలుచున్నవన్నమాట; అప్పుడు పెట్టె విప్పక తప్పదు.