తూము మూసుకుంటే...

పొయ్యి మండకపోతే ఆ పూటకు పొరుగింటి నుంచి అన్నం తెచ్చుకోవచ్చు. దీపం పోతే ఆరుబయట మంచం వాల్చుకోవచ్చు. కాని వంటింటి తూములో నీరు కదలకపోతే ఇల్లాలికి కాలూ చెయ్యీ ఆడవు. అంట్లు గుట్టపడతాయి, ఈగలు ముసురుతాయి, వచ్చిన చుట్టం మొహమాటపడుతూనే ముక్కు మూసుకుంటాడు. అందులోనూ యీ అవస్థ పండుగనాడో, ఆదివారమో వస్తుంది. ఆరోజు పనివాడు దొరకడు.

ఇది మన చేతులతో చేసుకోదగిన పనేనా? చాలావరకు చేసుకోదగినదే. అయితే ఎంతవరకు చేయవచ్చు, ఎక్కడ ఆగిపోవాలి అన్న సంగతి ముందుగా తెలిసి వుండాలి.

చంద్రగిరి కోట చూడబోయినవారు రాజమహలు ముందు నిలబడి, కొయ్య దూలాలు లేకుండా రాయి, ఇటుక, సున్నంతోనే మూడంతస్తులు లేపిన పనితనానికి ఆశ్చర్యపోతారు. కోట దాటి ఊళ్లోకి వస్తే మన యిళ్ల కథ వేరు. పూర్వం స్నానం చేసిన నీరు, గిన్నెలు కడిగిన నీరు పెరట్లో తెరిచివున్న చిన్న కాలువ వెంట పారి, ఏ అరటి మొదటికో చేరేవి. చెత్త అడ్డుపడితే కంటికి కనిపించేది. చీపురుతో ఒక తోపు తోస్తే తీరిపోయేది. ఇప్పుడు ప్లాస్టిక్ గొట్టాలు గోడల్లో, నేల అడుగున దాక్కున్నాయి. అడ్డు ఎక్కడ పడిందో తెలియదు. తెలియక కంగారుపడినవారు అంగడికి పోయి సీసాడు యాసిడ్ తెచ్చి పోస్తారు. అసలు ప్రమాదం అక్కడ మొదలవుతుంది.

అడ్డు ఎలా పుడుతుంది?

మన చిత్తూరు సీమ వంటింటినే తీసుకోండి. సంగటి కలిపిన గిన్నె, దోసెపిండి అంటిన పాత్ర, వేరుశనగ చట్నీ రోలు, చింతపండు పిప్పి, కాఫీ పొడి, ఇవన్నీ తూములోకే దిగుతాయి. పిండి జిగురుగా గొట్టానికి అంటుకుంటుంది. దానిమీద నూనె పేరుకుంటుంది. నెయ్యి, వనస్పతి చల్లబడగానే గడ్డకడతాయి. ఆ జిడ్డుమీద మెతుకులు, పిప్పి నిలిచి రోజు రోజుకూ దారి ఇరుకవుతుంది. మూసుకోవడం ఒక్కరోజులో కనబడినా, దానికి నెలల తరబడి మనమే సాయం చేసి వుంటాము.

స్నానాలగదిలో నేరం వెంట్రుకలది. అవి వలలాగా అల్లుకుంటే, తలంటు నూనె, సున్నిపిండి, సబ్బు మడ్డి అందులో చిక్కుకుంటాయి. బోరు నీరు కఠినంగా వుండే యిళ్లలో, నీటిలోని కాల్షియం సబ్బుతో కలిసి కరగని తెల్లటి మడ్డిగా మారుతుంది. సబ్బు నురుగు రాని నీరు ఏ యింట వున్నదో, ఆ యింట తూమును తరచుగా చూసుకోవాలి.

వంపులో వున్న కిటుకు

సింకు కింద గొట్టం తిన్నగా పోక వంపు తిరిగి వుంటుంది. కొన్నిటిలో వంపుకు బదులు బుడ్డి వంటి భాగం వుంటుంది. పని చేతగాక ఎవరో వంకరగా బిగించారని అనుకోకండి. ఆ వంపులో నాలుగు వేళ్ల లోతున నీరు ఎప్పుడూ నిలిచి, కాలువలోని దుర్గంధం, పురుగులు యింట్లోకి రాకుండా అడ్డుకుంటుంది. స్కాట్లండుకు చెందిన అలెగ్జాండర్ కమ్మింగ్ అనే గడియారాల పనివాడు 1775లో యిటువంటి వంపు వున్న మరుగుదొడ్డికి పేటెంటు పొందాడు. దుర్వాసన ఆపే ఆ వంపులోనే చెత్త కూడా ఆగుతుంది. కనుక మన వెతుకులాట అక్కడ మొదలుకావాలి.

పని వరుస

మొట్టమొదట ఒక పరీక్ష. ఒక్క తూమే మూసుకుందా, అన్నీ మందగించాయా? ఒక్కటే అయితే అడ్డు దాని దగ్గరలోనే వుంటుంది. వంటింట్లో నీళ్లు పోస్తే స్నానాలగదిలో పైకి ఉబికి వస్తున్నాయంటే, అడ్డు యింటి బయట వున్నట్టు.

ఒక్క తూమే అయితే, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని పైనున్న జాలీ తీయండి. కొస వంచిన తీగతో వెంట్రుకలను పైకి లాగండి. లోపలికి తోయకండి. స్నానాలగది తూములు చాలావరకు యీ ఒక్క పనితోనే దారికి వస్తాయి.

దానితో కాకపోతే, కర్రకు రబ్బరు గిన్నె తగిలించిన ప్లంజరు వాడండి. గిన్నె మునిగేటంత నీరు తూముపైన నిలవాలి. సింకుకు పక్కన మరో రంధ్రం వుంటే దాన్ని తడిగుడ్డతో గట్టిగా మూయండి. లేకపోతే మీ బలమంతా గాలిలో కలిసిపోతుంది. గిన్నెను అదిమి, పైకి లాగి, ఆపకుండా పదిహేను, ఇరవై సార్లు చేయండి. తోపు కంటే గుంజుడే అడ్డును ఎక్కువగా కదిలిస్తుంది.

అప్పటికీ కదలకపోతే వంపు విప్పాలి. కింద బక్కెట్టు పెట్టండి. ప్లాస్టిక్ మరలు చేతితోనే తిరుగుతాయి. పానాతో బిగపట్టి తిప్పితే పగులుతాయి. లోపలి మడ్డిని పాత బ్రష్షుతో తోమి, రబ్బరు వాషరు పడిపోకుండా చూసుకుని తిరిగి బిగించండి. బక్కెట్టులోని నీళ్లను మాత్రం అదే సింకులో పోయకండి. కింద గొట్టం లేదు!

ఇంకా లోపల అడ్డు వుంటే, ఇనుప సామాన్ల అంగట్లో దొరికే స్ప్రింగు తీగను లోపలికి పంపి, తిప్పుతూ తిప్పుతూ లాగాలి. జిడ్డు పట్టిన గొట్టానికి వేడినీళ్లు మంచివే గాని, మరిగే నీళ్లు పోస్తే ప్లాస్టిక్ గొట్టం మెత్తబడి అతుకులు వదులుతాయి. ఇక వంటసోడా, వెనిగరు కలిపితే నురుగు చూడముచ్చటగా వస్తుంది. ఆ నురుగు కార్బన్ డయాక్సైడ్. మిగిలేది ఉప్పునీటి వంటిది. గట్టి అడ్డును అది కదిలించలేదు.

ప్రాణం మీదికి తెచ్చేవి

యాసిడ్, బ్లీచింగ్ రెండూ ఒకే తూములో పోయకండి. అవి కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన చిన్న గదిలో అది ఊపిరితిత్తులను కాల్చివేస్తుంది. తూముల కోసం అమ్మే కాస్టిక్ పొడి కూడా అంత తేలికైనది కాదు. అడ్డు తొలగకపోతే ఆ ఘాటు నీరు గొట్టంలోనే నిలిచి వుంటుంది. తరువాత విప్పేవాడి ముఖాన, కంట్లో చిందుతుంది. ఏదైనా పోసి వుంటే, పనిచేయడానికి వచ్చినవారికి ముందే చెప్పడం మన ధర్మం. చర్మంమీద, కంట్లో పడితే ధారగా నీళ్లతో ఇరవై నిమిషాలు కడిగి వెంటనే వైద్యుని వద్దకు వెళ్లాలి.

ఎక్కడ ఆగాలి?

ఊరంతటికీ భూగర్భ మురుగు కాలువలు లేనిచోట, పెరట్లోని సెప్టిక్ ట్యాంకే గతి. బయటనున్న చిన్న చాంబరు మూత తీసి, నిలబడి, పొడవాటి వెదురు బద్దతో కదిలించడం వరకు మనం చేయవచ్చు. తల లోపలికి పెట్టకూడదు, అగ్గిపుల్ల గీయకూడదు. సెప్టిక్ ట్యాంకు మూత దగ్గర మన పని ఆగిపోవాలి. అందులో మండే మీథేన్, చంపే హైడ్రోజన్ సల్ఫైడ్ వుంటాయి. రెండవది కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. కాని మోతాదు పెరిగితే ముక్కే మొద్దుబారి, వాసన పోయిందని భ్రమ కలుగుతుంది. దిగినవాడు పడిపోతాడు, కాపాడబోయినవాడూ పడిపోతాడు.

మనం దిగము సరే, నాలుగు రూపాయలిచ్చి మరొకరిని దింపుతాము. ఇదే అసలు పాపం. 2013 చట్టం ప్రకారం రక్షణ సాధనాలు లేకుండా మనిషిని మురుగు కాలువలోకి, సెప్టిక్ ట్యాంకులోకి దింపడం నేరం. అది మునిసిపాలిటీలకే కాదు, యింటి యజమానికీ వర్తిస్తుంది. మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇట్లా చనిపోయినవారి కుటుంబానికి పది లక్షల పరిహారమివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది; 2023లో దాన్ని ముప్ఫై లక్షలు చేసింది. మన చిత్తూరు సరిహద్దు అవతల, కోలారు బంగారు గనుల్లో పుట్టిన బెజవాడ విల్సన్ యీ దురాచారం మీద దశాబ్దాలుగా పోరాడి, 2016లో మెగసెసే పురస్కారం అందుకున్నారు. చట్టం వచ్చింది, పురస్కారం వచ్చింది. మనుషులు దిగడం మాత్రం పూర్తిగా ఆగలేదు.

ట్యాంకు నిండితే పీల్చే యంత్రమున్న లారీని పిలిపించండి. రెండు మూడేళ్లకొకసారి, కార్తె వానలు ముంచుకురాకముందే ఖాళీ చేయిస్తే మేలు. నేల నానిన రోజుల్లో నీరు యింకక వెనక్కు తంతుంది.

ఇక నిత్యం చేయవలసింది స్వల్పమే. తూముకు సన్నని జాలీ వేయండి. గిన్నెను కడిగేముందు పిప్పిని, జిడ్డును కాగితంతో తుడిచి చెత్తబుట్టలో వేయండి. వారానికొకసారి జాలీ ఎత్తి వెంట్రుకలు తీయండి. ఇందుకు అయ్యే ఖర్చు పది నిమిషాలు. మన యింటి మడ్డిని మనమే యింట్లో ఆపుకుంటే, దానికోసం మరొకరు గోతిలో దిగే అవసరమే రాదు.