తేడా చూపిస్తే చాలదు, కారణం చెప్పాలి

డ్రెస్సింగ్ రూమ్‌లో ఒక్కరే. ఎదురుగా నిలువుటద్దం. కొందరికి స్విమ్‌సూట్ ఇచ్చారు, కొందరికి స్వెటర్. వేసుకుని అద్దంలో చూసుకున్నాక లెక్కల పరీక్ష పెట్టారు. స్విమ్‌సూట్ వేసుకున్న అమ్మాయిలకు మార్కులు తగ్గాయి. అబ్బాయిలు ఏది వేసుకున్నా అలాంటి తేడా రాలేదు. అమెరికాలో బార్బరా ఫ్రెడ్రిక్సన్, టామీ ఆన్ రాబర్ట్స్ బృందం 1998లో ప్రచురించిన ప్రయోగమిది.

అమ్మాయిలకు లెక్కలు రావనే పాత మాటకు ఇది గట్టి దెబ్బ. రెండు గుంపులూ అలాంటి అమ్మాయిలే, అలాంటి తెలివే. పరిస్థితి మారితే మార్కులు మారాయి. దీని వెనకున్న సిద్ధాంత వ్యాసం అంతకు ముందు ఏడాదే 'సైకాలజీ ఆఫ్ విమెన్ క్వార్టర్లీ'లో వచ్చింది. తన ఒంటిని తనే ఎప్పుడూ ఎదుటివాళ్ల కళ్లతో చూసుకోవాల్సి వస్తే సిగ్గు, ఆందోళన ఎలా పెరుగుతాయో, పని మీద ధ్యాస ఎలా చెదురుతుందో అందులో వివరించారు.

ఈ త్రైమాసిక పత్రిక 1976లో మొదలైంది. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌లో 1973లో ఏర్పడిన మహిళా మనస్తత్వ శాస్త్ర విభాగం దీన్ని నడుపుతోంది.

మహిళల మనస్తత్వానికి వేరే పత్రిక అవసరమేమొచ్చింది? నైతిక వికాసంపై మనస్తత్వవేత్త లారెన్స్ కోల్‌బర్గ్ తొలి పరిశోధన మగపిల్లలతోనే సాగింది. ఆ కొలబద్దతో ఆడవాళ్లను తూచడం సరికాదని 1982లో మరో మనస్తత్వవేత్త కెరొల్ గిలిగన్ వాదించారు. అంతకు చాలా ముందే, నెలసరి రోజుల్లో ఆడవాళ్ల బుద్ధి మందగిస్తుందని చదువుకున్నవాళ్లే నమ్మే కాలంలో, మనస్తత్వవేత్త లీటా హాలింగ్‌వర్త్ ఆ నమ్మకాన్ని పరీక్షకు పెట్టారు. వేళ్లతో టకటకా కొట్టే వేగం, చెయ్యి వణక్కుండా నిలవడం, రంగుల పేర్లు చెప్పడం: ఇలాంటివన్నీ రోజూ కొలిచారు. నెలసరి వల్ల సామర్థ్యం పడిపోయిన దాఖలా దొరకలేదు. 1914లో ఆమె అచ్చువేసిన డాక్టరేట్ పరిశోధన అదే.

ఇలాంటి పత్రికకు వ్యాసం పంపేవాళ్లు ఈ చరిత్రను గుర్తుంచుకోవాలి. సర్వేలో ఆడవాళ్లున్నంత మాత్రాన సరిపోదు. 'మహిళలకు తక్కువ, పురుషులకు ఎక్కువ' అని పట్టిక వేసి ఊరుకుంటే, ఎందుకలా అని ఎడిటర్ అడుగుతారు. జీతమా, ఇంటిచాకిరీయా, భయమా? ఎవరిని అడిగారన్నదీ ముఖ్యమే. వరంగల్‌లో ఒక హాస్టల్ అమ్మాయిలతో మాట్లాడి 'భారతీయ మహిళలు' అని శీర్షిక పెడితే రివ్యూయర్ మొదట పట్టుకునేది అక్కడే. పొలం పనికెళ్లే ఆవిడ, పెళ్లయి అత్తారింట్లో ఉన్నావిడ ఆ లెక్కలో లేరు కదా.

మిగతాది పద్ధతి ప్రకారం సాగుతుంది. వ్యాసాన్ని ఆన్‌లైన్‌లో పంపాలి. రాసిందెవరో రివ్యూయర్లకు తెలియకుండా పేరు, కాలేజీ వివరాలు వేరే పేజీలో పెట్టాలి. ఎథిక్స్ కమిటీ అనుమతి చూపాలి. ఒకే వ్యాసాన్ని ఒకేసారి రెండు పత్రికలకు పంపకూడదు. పత్రిక పరిధికి రానివాటిని ఎడిటరే వెనక్కి పంపేస్తారు. మిగిలినవి రివ్యూయర్ల చేతికి వెళ్తాయి. జవాబుకు నెలలు పట్టవచ్చు.

ఆ ఆలస్యం భరించలేనివాళ్ల కోసమే డబ్బు కడితే చకచకా వేసేస్తామనే పత్రికలు పుట్టుకొచ్చాయి. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒక ప్రచురణ సంస్థ పరిశోధకులను మోసగించిందని తేల్చి, 5 కోట్ల డాలర్లకు పైగా కట్టాలని 2019లో అమెరికా ఫెడరల్ కోర్టు ఆదేశించింది.

అసలైన పత్రిక నుంచి 'సవరించి పంపండి' అని ఉత్తరం వస్తే అది తిరస్కారం కాదు, తలుపు తెరిచి ఉన్నట్టే. రివ్యూయర్ లేవనెత్తిన ప్రతి అంశానికీ వరసగా జవాబు రాయాలి: ఏం మార్చారో, ఏ పేజీలో మార్చారో, ఒప్పుకోని చోట ఎందుకు ఒప్పుకోలేదో. ఆ జవాబే ఒక్కోసారి చాలా పేజీలకు పోతుంది.