భిక్షుణుల వినయ శిక్షణము

బుద్ధుని కాలమున ఉత్పలవర్ణ యను భిక్షుణి యుండెను. ఆమె శిష్యురాలొకతె వినయము నేర్వగోరి యేడు సంవత్సరములు బుద్ధభగవానుని అనుసరించి తిరిగెను. కాని యామెకు మతిమరపు మెండు. నేర్చినది నేర్చినట్లే మరచిపోవుచుండెను. ఇంతలో భగవానుడు శ్రావస్తికి పయనమగుచున్నాడని తెలిసి యామె దిగులు చెందెను. స్త్రీ తన జీవితమంతయు గురువు వెంట తిరుగుట యెట్లు? ఈ సంగతి విని, భిక్షుణులకు భిక్షువులు వినయము బోధింపవచ్చునని బుద్ధుడు అనుమతించెను. ఈ కథ పాళీ వినయపిటకమున గలదు.

వినయమనగా మనకు అణకువ. బౌద్ధులకు మాత్రమది సంఘజీవనమున పాటింపవలసిన నియమముల సముదాయము. థేరవాద సంప్రదాయమున భిక్షుణులకు 311 నియమములు గలవు. పక్షమునకొకసారి భిక్షుణులు ఒకచో గూడి వానిని వల్లింతురు. తప్పు చేసినవారు దానిని దాచక యొప్పుకొందురు. మొదట భిక్షువులే వచ్చి యీ నియమములను భిక్షుణులకు చదివి వినిపించెడివారు. జనులు దీనిని ఆక్షేపింపగా, భిక్షుణులే చదువుకొనవలెనని బుద్ధుడు విధించెను. చదువు విధము వారికి తెలియదు. భిక్షువులు దానిని నేర్పిరి. పిమ్మట భిక్షుణులలోనే గొప్ప గురువులు వెలసిరి. భర్తను, బిడ్డలను, తల్లిదండ్రులను గోలుపోయి మతి చెడి తిరిగిన పటాచార, వినయము నెరిగిన భిక్షుణులలో అగ్రగణ్య యయ్యెను.

దీక్ష గోరు యువతి మొదట రెండేండ్లు ఆరు నియమములను తప్పక పాటింపవలెను. అట్టి యామెను శిక్షమాణ యందురు. దీక్ష యిచ్చు ఉపాధ్యాయిని తాను భిక్షుణియై పండ్రెండేండ్లు గడపినదై యుండవలెను. దీక్ష ముగిసిన పిదప రెండేండ్లు శిష్యురాలు ఆమెను విడువరాదు. ఆమెయు శిష్యురాలి శిక్షణమును ఉపేక్షింపరాదు. శిష్యురాలు జబ్బుపడినచో గురువే పరిచర్య చేయవలెను, లేదా చేయింపవలెను. ఏటేట క్రొత్తవారికి దీక్ష యిచ్చుటయు తప్పే. శిష్యుల సంఖ్య కంటె శిక్షణము ముఖ్యమని దీని భావము.

ఇట్టి గురుశిష్య పరంపర మన ఆంధ్రదేశమునను వర్ధిల్లెను. వినయధరుడైన పునర్వసుని శిష్యురాలు సముదియ యను ఉపాధ్యాయిని పేరును, ఆమె శిష్యురాలైన మాల పేరును అమరావతి శాసనమొకటి తెలుపుచున్నది.

గ్రంథము నిలిచినను పరంపర తెగిన దీక్ష యిచ్చువారుండరు. క్రీ. శ. 5వ శతాబ్దమున సింహళ భిక్షుణులు ఓడలపై చీనాకు పోయిరి. మొదట వచ్చినవారి సంఖ్య దీక్ష నిచ్చుటకు చాలలేదు. మరికొందరు వచ్చువరకు వారు చీనాభాష నేర్చుకొనుచు వేచియుండిరి. 433వ సంవత్సరమున వేరొక బృందము వచ్చిన పిదప, చీనా స్త్రీలు పెక్కుమంది భిక్షుణీ సంఘము నుండి దీక్ష గైకొనిరి.

11వ శతాబ్ద ప్రాంతమున సింహళమునందు భిక్షుణీ సంఘము నశించెను. చీనాలో మాత్రమా పరంపర నిలిచెను. 1998లో బుద్ధగయయందు జరిగిన దీక్షోత్సవమున చీనా సంప్రదాయమునకు చెందిన భిక్షుణులు సింహళ స్త్రీలకు దీక్ష నొసగిరి. ఈ దీక్షను థేరవాద పెద్దలలో కొందరు నేటికిని అంగీకరింపరు. అయినను ఆ దేశమున భిక్షుణులు మరల పక్షమునకొకసారి గూడి నియమములను వల్లించుచున్నారు.

ఒకరికి నేర్పిన విద్య పోదు. ఇచ్చినవారి యింట దీపమారినను, పుచ్చుకొన్నవారి యింట వెలుగుచున్న దీపము నుండి దానిని మరల వెలిగించుకొనవచ్చును.