మటన్ కొట్టుకి నేనే వెళ్తాను!

ఆదివారం వచ్చిందంటే మీ ఇంట్లో మటన్ కొట్టుకి వెళ్ళేదెవరు? చాలా ఇళ్ళల్లో మగవాళ్ళే కదూ! సంచీ పట్టుకుని పొద్దున్నే బయల్దేరతారు. గంట తర్వాత నల్ల కవరొకటి తెచ్చి వంటింటి గట్టు మీద పెడతారు. అందులో ఏముందో వాళ్ళకీ తెలీదు, మనకీ తెలీదు. కడగడానికి గిన్నెలో వేశాక బయటపడుతుంది... మెడ ఎముకలెన్నో, కొవ్వెంతో, పొరలెన్నో! కిలో 800 రూపాయలు దాటిన సరుకుని వండే మనిషి చూడకుండానే కొనేస్తున్నామన్నమాట. బెండకాయలు కూడా తుంచి చూసి మరీ కొనేవాళ్ళం మనం!

చేపల బజారులో ఈ పట్టింపు లేదు. అమ్మేది ఆడవాళ్ళే, మొప్పలెత్తి చూసి బేరమాడేదీ ఆడవాళ్ళే. మటన్ కొట్టు దగ్గరికొచ్చేసరికి "అక్కడ ఆడవాళ్ళకేం పని?" అంటారు. వేలాడే పొట్టేళ్ళు, కత్తులు, నెత్తురు మనం చూడలేమట. మరి ఇంటికొచ్చాక ఆ నెత్తురు కడిగేదెవరో!

మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లెటూరు. నా చిన్నతనంలో అక్కడ కొట్టంటూ లేదు. పండక్కో పబ్బానికో నలుగురు కలిసి పొట్టేలుని కోయించి పోగులు పెట్టేవారు. ప్రతి పోగులోనూ కాస్త తొడ, కాస్త పక్కటెముక, వేలెడంత కార్జం ముక్క పడేది. ఫలానా ముక్క కావాలని అడిగే పనే లేదు, పోగులన్నీ సమానం. ఇంట్లోకి వచ్చాకే లెక్క మారేది. మూలుగ ఎముక తాతయ్యకి, కార్జం అన్నయ్యలకి, మెత్తటి ముక్కలు నాన్నకి. అందరూ తిని లేచాక అమ్మ అడుగున మిగిలిన పులుసులో అన్నం కలుపుకునేది. అమ్మకి ముక్కలిష్టం లేదేమో అనుకునేదాన్ని చాలా ఏళ్ళ వరకూ.

పెళ్ళయి హైదరాబాద్ వచ్చాక, మావారికి ఆదివారం డ్యూటీలు పడటంతో కొట్టు బాధ్యత నా మీద పడింది. పన్నెండేళ్ళయింది. వెళ్ళిన మొదటిరోజు నా భుజాల మీంచి చేతులు చాచి "అన్నా, కిలో!" "అన్నా, నాది అరకిలో!" అంటూ ఒకటే కేకలు. నా వంతు వచ్చేసరికి కొట్టాయన కత్తి ఆపి, "ఏం వండుతవ్ అక్కా?" అన్నాడు.

ఇంటికొచ్చి మావారిని అడిగాను, "మిమ్మల్నీ అలాగే అడిగేవాడా?" అని. "అడుగుతాడు. ఏదో ఒకటి కొట్టవయ్యా అంటాను" అన్నారు. ఇన్నాళ్ళూ మెడ ఎముకలు ఎందుకొచ్చాయో అప్పుడర్థమైంది నాకు!

ఆ ప్రశ్నకి జవాబు చెప్పగలిగితే సగం వంట కొట్టు దగ్గరే అయిపోతుంది. వేపుడికైతే తొడ మాంసం, చిన్న ముక్కలు. గోంగూరలోకో పులుసులోకో అయితే ముందుకాలు, జబ్బ. అందులో నరాలూ పొరలూ ఎక్కువ, సన్నసెగ మీద ఉడికేకొద్దీ అవి కరిగి పులుసుకి జిగురొస్తుంది. అదే జబ్బని వేపుడు చేస్తే దవడలు నొప్పెడతాయి. బిర్యానీకి తొడా జబ్బా కలిపి ఎముకతో పెద్ద ముక్కలు కొట్టించాలి, చిన్నవైతే దమ్ములో చెదిరిపోతాయి. మెడ తీసిపారేసేది కాదండోయ్! చారు కాచుకోవడానికి దాన్ని మించింది లేదు. కాకపోతే అది మనం అడిగి తీసుకోవాలి గానీ, తొడ ధరకి మన సంచీలోకి దానంతటదే రాకూడదు. ఖీమా అయితే ముందు ముక్క చూపించమని, పొరలు తీయించి, మీ కళ్ళెదురుగానే కొట్టించుకోండి. ముందే కొట్టి కుప్పపోసిన ఖీమాలో ఏం కలిసిందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

మన రెండు రాష్ట్రాల్లో మటన్ అంటే ఎక్కువగా గొర్రె, పొట్టేలే. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలోనే మొదటిది, ఆంధ్రప్రదేశ్ రెండోది. లేత పొట్టేలు మాంసం లేత ఎరుపులో ఉంటుంది, కొవ్వు తెల్లగా ఉంటుంది. ముదిరిన జీవమైతే మాంసం నల్లబారిన ఎరుపు, కొవ్వు పసుపు. మున్సిపాలిటీ కబేళాలో పశువైద్యుడు పరీక్ష చేసిన మాంసం మీద ముద్ర వేస్తారు. వేలాడదీసిన తొడ మీద అది ఉందో లేదో చూసి, లేకపోతే అడగండి. ఇక తూకం! తూచాక కొట్టేటప్పుడు నాలుగు ముక్కలు మొద్దు పక్కన ఉండిపోవడం మామూలే. మోసమే అననుగానీ, మనం ఫోన్ చూసుకోకుండా మొద్దు వంక చూస్తూ నిలబడితే అవీ కవర్లోకి వస్తాయి.

భాష కూడా ఇక్కడే నేర్చుకున్నాను. మా కార్జం ఇక్కడ కలేజా, మా మూలుగ ఎముక నల్లి బొక్క. "నల్ల కావాల్నా?" అంటే నలుపేంటని తెల్లమొహం వేశాను. నెత్తురట!

ఆడవాళ్ళకేం పని అనేవాళ్ళు కొట్టు వెనక్కి వెళ్ళి చూడాలి. హైదరాబాద్‌లో ఈ వృత్తి తరతరాలుగా ఖురేషీలదీ, ఆరెకటికలదీ. మా కొట్టాయనది ఆరెకటిక కుటుంబం. ముందు ఆయన కత్తి పడితే, వెనక ఆయన భార్య తలకాయలు, కాళ్ళు కాల్చి గీకుతుంది, బోటి కడుగుతుంది. నాకు బోటి శుభ్రం చేయడం నేర్పింది ఆ వదినే. "మస్తు కాగిన నీళ్ళల్ల ముంచి ఎంటనే తియ్యి. ఎక్కువసేపు ఉంచినవనుకో, పొర అంటుకుంటది, ఇగ ఊడదు" అంది. ఏ వంటల పుస్తకంలోనూ ఈ మాట నాకు కనబడలేదు. ప్యాకెట్లో 'కర్రీ కట్' అని రాసి ఇంటికి పంపేవాళ్ళూ ఉన్నారిప్పుడు. తప్పేం లేదు, కానీ ఏం వండుతావని అడిగేవాళ్ళుండరు.

అసలు సంగతికొస్తాను. రెండేళ్ళ క్రితం మా అమ్మాయికి పదిహేనేళ్ళు. మెట్లెక్కితే ఆయాసం, ఎప్పుడూ నిద్రమత్తు. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9 ఉంది. డాక్టరమ్మ ఐరన్ మాత్రలు రాసి, "మాంసం తింటారుగా, ఈ పిల్లకేం పెడుతున్నారు?" అని అడిగింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఉన్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. మాంసం తినే ఇళ్ళు ఇంత ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో! రక్తం తగ్గడానికి కారణాలు చాలా ఉంటాయి, నిజమే. కానీ కూర గిన్నె చుట్టూ ఎవరి వంతు ఎంతో కూడా ఒకసారి చూసుకోవద్దూ?

మాంసంలోని ఇనుము ఆకుకూరల్లోని దానికంటే ఒంటికి బాగా పడుతుంది. కార్జంలో మరీ ఎక్కువ. చిక్కేమిటంటే, పొట్టేలుకి ఉండేది ఒక్క కార్జం! పది పన్నెండు కిలోల మాంసం దిగే జీవానికి అది అరకిలో కూడా తూగదు. పొద్దున్నే ఆరింటికి వచ్చే మగవాళ్ళే దాన్ని పంచుకుపోతారు. అందుకే శనివారం రాత్రే కొట్టాయనతో చెప్పి ఉంచుతాను, "అన్నా, పావుకిలో కలేజా అమ్మాయికి" అని. "బిడ్డకా? పక్కకు పెడ్త అక్కా" అంటాడు. 2025లో దసరా గాంధీ జయంతి నాడే పడి కొట్లు మూసినప్పుడు, ముందురోజు అంత రద్దీలోనూ ఆ పొట్లం విడిగా ఉంచాడు.

మా అత్తగారు మొదట్లో "ఆడపిల్లకి ప్రత్యేకంగా కార్జమేంటే?" అని సణిగారు. కొలెస్ట్రాల్ ఎక్కువుందని మావారికి కార్జం మానెయ్యమని డాక్టరు చెప్పడం మాకు కలిసొచ్చిందనుకోండి! ఒక్క జాగ్రత్త. కార్జంలో విటమిన్ ఏ చాలా ఎక్కువ కాబట్టి గర్భిణులు డాక్టర్ని అడక్కుండా తినకూడదు. తిన్న వెంటనే టీ తాగితే ఇనుము సరిగా ఒంటబట్టదు, నిమ్మకాయ పిండుకుంటే మేలు.

కార్జం వేపుడికి పెద్ద హంగామా అక్కర్లేదు. ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి వేగాక ముక్కలేసి మిరియాల పొడి చల్లితే కాసేపట్లో లోపలిదాకా ఉడికిపోతుంది, ఎక్కువసేపుంచితే రబ్బరైపోతుంది. దించగానే ముందు అమ్మాయి కంచంలో వడ్డిస్తాను. నాకని నాలుగు ముక్కలు చిన్న గిన్నెలో తీసి మూత పెట్టుకుంటాను.