ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ అంటే ఏంటి? బీటెక్ స్టూడెంట్స్‌కి ఎందుకు పనికొస్తుంది?

మీరు వాట్సాప్‌లో మెసేజ్ పంపిన ప్రతిసారీ వెనకాల ఒక ఫంక్షనల్ లాంగ్వేజ్ పనిచేస్తుంది. వాట్సాప్ సర్వర్లు నడిచేది ఎర్లాంగ్ మీద. 1980లలో ఎరిక్సన్ కంపెనీ టెలిఫోన్ ఎక్స్చేంజ్‌ల కోసం తయారుచేసుకున్న లాంగ్వేజ్ ఇది. 2014లో ఫేస్‌బుక్ కొనే నాటికి వాట్సాప్‌కి సుమారు 45 కోట్ల యూజర్లు ఉంటే, ఇంజనీర్లు 50 మంది కూడా లేరు. అయినా సి, జావా, పైథాన్ చదివి బీటెక్ పూర్తిచేసిన నాకు అప్పటికి ఎర్లాంగ్ పేరు కూడా తెలీదు.

నాకు దెబ్బ తగిలింది ఇక్కడే

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక షాపింగ్ యాప్ మీద పనిచేశాను. యూజర్ ఒక ఫోన్ సెలెక్ట్ చేస్తే కార్ట్‌లో వేరే ఫోన్ పడుతోందని కంప్లైంట్ వచ్చింది. అదీ ఎప్పుడో ఒకసారి మాత్రమే! రెండు రోజులు వెతికితే తప్పు నేను రాసిన చిన్న ఫంక్షన్‌లోనే దొరికింది. 'తక్కువ ధర ముందు' అనే ఆప్షన్ కోసం లిస్ట్‌ని సార్ట్ చేశాను. కార్ట్ కోడ్ కూడా అదే లిస్ట్‌ని చూస్తోంది. నేను సార్ట్ చేయగానే మూడో ప్లేస్‌లోని ఫోన్ మొదటికి వెళ్లిపోయింది, కార్ట్ మాత్రం ఇంకా మూడో ప్లేస్‌నే నమ్ముకుని కూర్చుంది. ప్లేస్ బదులు ఐడీ వాడాల్సింది, అది ఇంకో తప్పు. కానీ అసలు రోగం, అందరూ వాడే డేటాని ఒకరు చెప్పాపెట్టకుండా మార్చేయడం. ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ ఈ రోగానికే మందు.

మూడు ముఖ్యమైన ఐడియాలు

1. ప్యూర్ ఫంక్షన్: ఒకే ఇన్‌పుట్‌కి ఎప్పుడూ ఒకే అవుట్‌పుట్ ఇస్తుంది, బయట ఉన్న దేన్నీ మార్చదు. క్యాలిక్యులేటర్‌లో 5 ఇంటూ 4 ఎన్నిసార్లు కొట్టినా 20 వచ్చినట్టు అన్నమాట. అందుకే టెస్ట్ చేయడం చాలా ఈజీ.

2. ఇమ్యూటబిలిటీ: ఒకసారి తయారైన డేటాని మార్చకూడదు, కావాలంటే కొత్తది తయారుచేసుకోవాలి. పైథాన్‌లో లిస్ట్ మీద 'సార్ట్' పిలిస్తే అసలు లిస్టే మారిపోతుంది. అదే 'సార్టెడ్' వాడితే కొత్త లిస్ట్ వస్తుంది, పాతది అలాగే ఉంటుంది. నా బగ్‌కి ఫిక్స్ ఆ ఒక్క లైనే! ఇప్పుడు ఫోన్లలో 8 కోర్‌లు మామూలు. నాలుగు కోర్‌లు ఒకే డేటాని ఒకేసారి చదివితే ఇబ్బంది లేదు, ఒకేసారి మార్చబోతేనే గొడవ.

3. ఫంక్షన్‌కి ఫంక్షన్‌నే ఇవ్వడం: నాలుగు ఫోన్ల ధరలు 12,000, 14,000, 18,000, 25,000 అనుకుందాం. 15,000 లోపువి కావాలంటే 'ఫిల్టర్', మిగిలేవి 12,000, 14,000. వాటికి 10 శాతం డిస్కౌంట్ ఇవ్వడానికి 'మ్యాప్', అవి 10,800, 12,600 అవుతాయి. మొత్తం కూడడానికి 'రెడ్యూస్', ఆన్సర్ 23,400. ఎక్కడా ఫర్ లూప్ లేదు, అసలు లిస్ట్ కూడా చెక్కుచెదరలేదు.

ఇదేమీ కొత్తది కాదు

1930లలో అలోంజో చర్చ్ తయారుచేసిన ల్యాంబ్డా క్యాలిక్యులస్ దీనికి పునాది. 1958లో జాన్ మెకార్తీ లిస్ప్ మొదలుపెట్టారు, 1990లో హాస్కెల్ వచ్చింది. 2014లో జావా 8 కూడా ల్యాంబ్డాలు తెచ్చుకుంది. ఆండ్రాయిడ్ యాప్‌లు రాసే కాట్లిన్‌లో మ్యాప్, ఫిల్టర్ రోజూ వాడేవే.

మైనస్‌లు లేవా?

ఉన్నాయి. లూప్ బదులు రికర్షన్‌లో ఆలోచించడం మొదట్లో తలనొప్పే. పైగా పైథాన్‌లో డిఫాల్ట్‌గా రికర్షన్ లిమిట్ 1000, అది దాటితే ఎర్రర్. ప్రతిసారీ కొత్త లిస్ట్ తయారుచేస్తే మెమరీ కూడా ఎక్కువ తింటుంది. హాస్కెల్ ఒక్కటే నేర్చుకుని క్యాంపస్ ప్లేస్‌మెంట్స్‌కి వెళ్లమని నేనైతే చెప్పను.

ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్త లాంగ్వేజ్ అక్కర్లేదు. మీకు వచ్చిన పైథాన్ లేదా కాట్లిన్‌లోనే మీ పాత ల్యాబ్ ప్రోగ్రామ్ ఒకటి తీసుకోండి. ఏ వేరియబుల్‌నీ రెండోసారి మార్చకుండా దాన్ని తిరిగి రాయండి. చిన్న హెచ్చరిక: కాట్లిన్‌లో 'వాల్' అని రాసినంత మాత్రాన సరిపోదు, లోపల ఉన్నది మ్యూటబుల్ లిస్ట్ అయితే అది మారుతూనే ఉంటుంది. ఇది అలవాటయ్యాక హాస్కెల్‌నో, ఎర్లాంగ్ వర్చువల్ మెషీన్ మీదే నడిచే ఎలిక్సిర్‌నో ట్రై చేయండి.

నేను రెండు రోజులు పోగొట్టుకుని నేర్చుకున్నది ఇదే. మీకు ఒక సాయంత్రం చాలు.