బుధుడు వక్రించిన వేళ

మా కురిచేడులో ఇదివరకు పాలు విరిగితే గిన్నె సరిగా తోమలేదనేవారు. ఇప్పుడు బుధుడు వక్రించాడంటున్నారు. మిక్సీ కాలినా, రైలు తప్పినా, శుభలేఖలో పెళ్లికొడుకు పేరు తప్పు పడినా, అల్లుడికి పంపిన డబ్బు ముక్కూ మొహం తెలియనివాడి ఖాతాలో జమ అయినా, నేరమంతా ఆకాశంలో తిరిగే ఆ చిన్న గ్రహానిదే! కోడలు టీవీలో వింటుంది, మనుమడు సెల్‌ఫోనులో చదువుతాడు, అత్తగారు నమ్ముతుంది. ఒక ఇంట్లో ముగ్గురినీ ఒక్క మాట మీదికి తీసుకురావడం సామాన్యమైన పని కాదు. ఆ ఘనత మాత్రం బుధుడికి దక్కవలసిందే.

నేను చాలా ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి, ఇప్పుడు విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. సాయంత్రం వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటే చాలు, ఎవరో ఒకరు పంచాంగం పట్టుకుని వస్తారు. "అయ్యవారూ, యీ వక్రమంటే ఏందండీ? ఎన్నాళ్లుంటది?" అని అడుగుతారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక తగ్గింది కనుక, ఆ సంగతులన్నీ ఇక్కడ ఒకచోట చెబుతాను.

గానుగ చూసినవాళ్లకు వక్రం అర్థం కావడానికి ఎంతోసేపు పట్టదు. గానుగకు కాస్త దూరంగా నిలబడి ఎద్దును చూడండి. రోటికి అవతలివైపున నడిచేటప్పుడు అది ఎడమనుంచి కుడికి పోతున్నదనుకుందాం. చుట్టు తిరిగి ఇవతలికి వచ్చేసరికి అదే ఎద్దు కుడినుంచి ఎడమకు పోతున్నట్లు కనిపిస్తుంది. ఎద్దు వెనక్కి తిరగనూ లేదు, ఒక్క అడుగు వెనక్కి వేయనూ లేదు. నిలబడి చూసేవాడి కంటికి దిక్కు మారింది, అంతే. సూర్యుడు రోలు; బుధుడు ఎద్దు; బయట నిలబడి చూసేవాళ్లం మనం.

కాకపోతే మనం నిలబడిన భూమి కూడా నడుస్తూనే వున్నది. బుధుడు సూర్యుణ్ణి ఒకసారి చుట్టి రావడానికి 88 రోజులు పడుతుంది. మనను ఒకసారి దాటిపోయి, మళ్లీ వచ్చి దాటడానికి సుమారు 116 రోజులు పడుతుంది. అలా దాటిపోయే సమయంలో మూడు వారాలపాటు ఆయన నక్షత్రాల మధ్య వెనక్కి నడుస్తున్నట్లు తోస్తుంది. దానికే వక్రమని పేరు. ఏడాదికి మూడుసార్లు, ఒక్కొక్క ఏడు నాలుగుసార్లు యిది వస్తుంది.

ఇది మన పెద్దలకు తెలియని రహస్యం కాదు. సూర్యసిద్ధాంతంలో గ్రహాల నడకలను ఎనిమిది రకాలుగా విభజించి చెప్పారు. వక్రం, అనువక్రం ఆ ఎనిమిదింటిలోనివే. ఏ గ్రహం ఎప్పుడు వక్రిస్తుందో, ఎప్పుడు వక్రం విడుస్తుందో కూర్చుని లెక్క కట్టారు. లెక్కకు అందిన దాన్ని చూసి భయపడడం వాళ్లకు అలవాటు లేదు.

ఇంతకన్నా వింతయిన సంగతి ఇంకొకటి వున్నది. మన జాతకశాస్త్రంలో గ్రహబలాలను ఎంచేటప్పుడు చేష్టాబలమని ఒకటి వున్నది. దాని ప్రకారం వక్రించిన గ్రహం బలహీనం కాదు, బలమయినది! ఇక శుభకార్యాల సంగతి. మన ఇళ్లలో పెళ్లిళ్లు ఆపేది మూఢాలకు. ఆ మూఢాలయినా గురుడివీ, శుక్రుడివీను. బుధుడు వక్రించాడని మా వీధిలో పందిరి వేయడం మానుకున్నవాళ్లను నేను చూడలేదు.

మరి యీ భయం ఎక్కడిది? పడమటి దేశాలది. రోమనులకు మెర్క్యురీ వార్తలు మోసే దేవుడు. వర్తకానికీ, ప్రయాణాలకూ కూడా ఆయనే అధిదేవత. ఆయన పేరున్న గ్రహం వెనక్కి నడిస్తే ఉత్తరాలు దారి తప్పుతాయనీ, యంత్రాలు చెడిపోతాయనీ అక్కడి జ్యోతిష్కులు చెప్పారు. 20వ శతాబ్దం చివరి దశాబ్దాలలో అక్కడి పత్రికలలో వ్యాపించిన ఆ మాట సెల్‌ఫోనెక్కి మన వూరిదాకా వచ్చింది. మన బుధుడు కూడా వాక్కుకూ, విద్యకూ, వర్తకానికీ కారకుడే కావడంతో రెండు మాటలూ పాలూ నీళ్లలా కలిసిపోయాయి.

ఇప్పుడు చిన్న లెక్క. 2025వ సంవత్సరంలో బుధుడు మార్చి 15 నుంచి ఏప్రిల్ 7 దాకా, జూలై 18 నుంచి ఆగస్టు 11 దాకా, నవంబరు 9 అర్ధరాత్రి నుంచి 29 దాకా వక్రించి వున్నాడు. మొత్తం కూడితే సుమారు 67 రోజులు. అంటే ఏడాదిలో ఇంచుమించు అయిదో వంతు. గ్రహానికి ఏ సంబంధం లేకపోయినా, మన ఇళ్లలో జరిగే అవకతవకలలో అయిదింట ఒకటి ఆ రోజులలోనే పడుతుంది. పడినదాన్ని గుర్తు పెట్టుకుంటాం. మిగిలిన నాలుగింటినీ మరచిపోతాం. నమ్మకం లేనివారు కేలండరు పక్కన ఒక పెన్సిలు కట్టుకుని, జరిగిన ప్రతి అవకతవకనూ ఆ తేదీ దగ్గర గుర్తు పెట్టండి. ఏడాది తిరిగేసరికి లెక్క మీకే తేలుతుంది.

అయితే వక్రంలో చెప్పే జాగ్రత్తలన్నీ వట్టివని నేననను. కొన్ని బంగారంలాంటివి. డబ్బు పంపేముందు తెరమీద వచ్చిన పేరు పైకి చదవండి. మీరనుకున్న పేరే అయితేనే మీట నొక్కండి. పొరపాటున ఇతరులకు పోతే ఆ పూటే బ్యాంకువారికి తెలియజేయండి. మోసం జరిగిందనిపిస్తే 1930 నెంబరుకు ఫోను చేయండి. దస్తావేజు మీద సంతకం పెట్టేముందు పేరు, తండ్రి పేరు, సర్వే నెంబరు, హద్దులు వేలు పెట్టి చదివించుకోండి. శుభలేఖ అచ్చుకు ఇచ్చేముందు ఇంట్లో ఇద్దరు చూడాలి. వారిలో ఒకరు ఆడపెళ్లివారయితే మరీ మంచిది. వినుకొండ వెళ్లాలన్నా, గుంటూరు వెళ్లాలన్నా రైలు వేళ ముందురోజే కనుక్కోండి. ఇవన్నీ వక్రంలో 67 రోజులు పాటిస్తే అయిదో వంతు లాభం. 365 రోజులూ పాటిస్తే పూర్తి లాభం.

ఒక్క జాగ్రత్త మాత్రం ప్రమాదకరమయినది. అది వాయిదా.

2025 జూలైలో మా పక్క వీధిలోని పెద్దావిడ కాలికి పొలంలో తుమ్మముల్లు గుచ్చుకున్నది. ఆవిడకు చక్కెరజబ్బు. ఆ జబ్బు ముదిరినవాళ్లకు పాదాలలో స్పర్శ తగ్గుతుంది. గుచ్చుకున్నా తెలియదు, చీము పట్టినా నొప్పి వుండదు. నెత్తురు సరిగా అందక పుండు మానదు. కూతురు ఆస్పత్రికి పోదామంటే ఆవిడ ఒప్పుకోలేదు. "ఆగస్టు పదకొండు దాటనీ అమ్మా. బుధుడు వక్రంలో వుండగా ఆస్పత్రి గడప తొక్కితే కత్తిదాకా పోతుందంట. నొప్పి కూడా లేదుగా!" అన్నది.

కూతురు వచ్చి నాతో చెప్పింది. నేను వెళ్లి గానుగెద్దు కథ చెప్పాను. "ఎద్దు సంగతి నాకెందుకు అయ్యవారూ, నా కాలు సంగతి చెప్పండి" అన్నది ఆవిడ. అదీ నిజమే! లాభం లేదని, ఆవిడకు గురి వున్న పురోహితుడుగారినే పిలుచుకు వచ్చాను. ఆయన కాలివైపు ఒకసారి చూసి పంచాంగం తెరవకుండానే, "పెళ్లికి ముహూర్తం పెడతానమ్మా, పుండుకు పెట్టను. రేపటి రైలుకే బయలుదేరు" అన్నారు. ఆ ఒక్కమాటకు ఆవిడ లేచి కూర్చున్నది.

మర్నాడు గుంటూరు తీసుకువెళ్లారు. చిటికెనవేలు పోయింది, పాదం దక్కింది. ఇంకో పది రోజులు ఆగి వుంటే చీలమండదాకా తీయవలసి వచ్చేదని డాక్టరు చెప్పాడట. అంటే ఆవిడ ఎదురుచూసిన ఆగస్టు 11 నాటికి బుధుడు వక్రం విడిచేవాడు, ఆవిడ పాదం విడిచేది. ఇప్పుడు చేతికర్ర పట్టుకుని తన కాళ్లమీదనే కూరల అంగడికి వెళ్లి వస్తున్నది.

కాబట్టి సోదరీమణులారా, కొత్త సెల్‌ఫోను కొనడం మూడు వారాలు ఆపదలచుకుంటే నిరభ్యంతరంగా ఆపండి, ఇంటాయన సంతోషిస్తాడు. బుధవారం పెసలు దానం ఇవ్వదలచినవారు ఇవ్వండి; పుచ్చుకున్నవారి ఇంట పెసరట్టయినా అవుతుంది. కాని మానని పుండు, తగ్గని జ్వరం, గుండెలో నొప్పి, పిల్లవాడి పరీక్ష ఫీజు, పంట బీమా గడువు, వీటికి బుధుడి నడకతో పని లేదు. ఇవి వచ్చిననాడే బయలుదేరవలసినవి.